తలలు కొలిచారు, వెన్ను చూడలేదు

జైనూర్ అంగడికి అడవి దారుల్లోంచి నడిచివచ్చే ఆడవాళ్ల నెత్తిన ఏదో ఒక బరువు ఉంటుంది. కట్టెల మోపో, గంపో, నీళ్ల బిందో. మగవాళ్ల భుజాన కావడి ఉంటుంది. ఏళ్ల తరబడి ఇట్లా మోసిన మెడకు, నడుముకు, మోకాలికి ఏమయితదో వాళ్లనడిగితే ఒక్క మాటలో చెబుతారు: "నడుములు పడిపోయినయి." ఆ మాటను మన చరిత్ర పుస్తకాలు ఎన్నడూ సాక్ష్యంగా తీసుకోలేదు. చెరువు శాసనంలో తవ్వించినవాడి పేరుంటుంది. ఆయన తండ్రి పేరు, తాత పేరు, గోత్రం కూడా ఉంటాయి. మట్టి తట్ట ఎత్తినవాళ్ల పేరు ఉండదు.

అయితే మనిషి చనిపోయి, కండ కరిగి, పేరు కూడా మరుగునపడ్డ తర్వాత ఆ మోత గుర్తులు కొన్ని ఎముక మీద మిగులుతాయి. వెన్నుపూసల అంచుల మీద, మోకాలి చిప్ప వెనుక, తుంటి గిన్నెలో మిగులుతాయి. పాత అస్థిపంజరాల్లో జబ్బుల గుర్తులు చదివే శాస్త్రం ఒకటి నూరేళ్లకు పైగా ఉంది. దాన్ని పురారోగశాస్త్రం అంటున్నారు. ఆ శాస్త్రం మన దేశంలో ఏ ఎముకను చూసింది, ఏ ఎముకను పక్కన పెట్టింది? మనకు దానితో ఏం పని? ఈ రెండు ప్రశ్నల మీదనే ఈ వ్యాసం.

కొలత కర్రల కాలం

1891లో హెర్బర్ట్ రిజ్లీ బెంగాల్ కులాల మీద చేసిన కొలతలు అచ్చయ్యాయి. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి ఒక సంఖ్య తీశాడు. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువదని ఒక సూత్రం కట్టాడు. మద్రాసు రాష్ట్రంలో ఎడ్గార్ థర్స్టన్ అదే పని చేశాడు. 1909లో ఆయన ఏడు సంపుటాలు వచ్చాయి. 1931 జనాభా లెక్కలతోపాటు బి.ఎస్. గుహ దేశమంతా తిరిగి తలలు, ముక్కులు కొలిచి జనాన్ని జాతులుగా విడగొట్టాడు. బతికున్నవాళ్లకు చేసిన ఈ పనే చచ్చినవాళ్లకూ చేశారు. తమిళనాడు ఆదిచ్చనల్లూర్ ఎముకల మీద 1930లో వచ్చిన జుకర్‌మన్ పుస్తకం పేరే 'ఆదిచ్చనల్లూర్ పుర్రెలు'. 1972లో ఎస్.ఎస్. సర్కార్ రాసిన పుస్తకం పేరు 'దక్కన్ ప్రాచీన జాతులు'. పేర్లు చూస్తేనే ప్రశ్న ఏమిటో తెలిసిపోతుంది. వీళ్లు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ జాతి? వీళ్లు ఏం పని చేశారు, ఏం తిన్నారు, ఏ నొప్పితో బతికారు అన్నది ప్రశ్నే కాలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. పుర్రె గట్టి ఎముకల గూడు. వెన్నుపూస లోపల స్పాంజిలాంటి మెత్తటి ఎముక. తడి నేలలో అది తొందరగా చివికిపోతుంది. మన రాకాసి గుళ్లలో చాలాచోట్ల శవాన్ని మొదట వేరే చోట ఉంచి, తర్వాత కొన్ని ఎముకలనే ఏరి తెచ్చి పెట్టేవాళ్లు. కాబట్టి వెన్ను మొత్తంగా దొరకడం అరుదు. అయినా దొరికినచోట సైతం మొదటి కొలత పుర్రెకే పడింది. అది నేల తప్పు కాదు, చూపు తప్పు.

ఈ కొలత కర్రలను తిప్పి కొట్టినవాడు అంబేడ్కర్. 1948లో వచ్చిన 'అంటరానివారు ఎవరు' పుస్తకంలో ఆయన ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలనే తీసుకున్నాడు. ఒక్కొక్క రాష్ట్రంలో బ్రాహ్మణుల కొలతను, అంటరాని కులాల కొలతను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఈ శాస్త్రాన్ని నమ్మేటట్టయితే ఇద్దరూ ఒకే జాతి అని తేల్చాడు. అంటరానితనానికి మూలం రక్తంలోనో పుర్రెలోనో లేదు, చరిత్రలో ఉందన్నది ఆయన వాదన. ఎదుటివాళ్ల కత్తితోనే వాళ్ల వాదాన్ని కోశాడు. మనం అక్కడినుంచి ఒక అడుగు ముందుకు వేయాలి. పుర్రెలో కులం లేదని ఆయన రుజువు చేశాడు. అయితే కులం మనిషి చేత చేయించిన పని ఎముకలో ఎక్కడైనా మిగిలిందా?

మార్లవాయి నుంచి రాకాసి గుళ్ల దాకా

జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను కాల్చి చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. 1948లో 'ఆదిలాబాద్ రాజ్ గోండులు' అచ్చయింది. ఆదివాసులకు పట్టాలు ఇప్పించడంలో, గోండు పిల్లల చదువు మొదలుపెట్టించడంలో ఆయన పాత్ర ఉంది. బెట్టీ 1987లో, ఆయన 1995లో చనిపోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. అక్కడి జనం ఇవాళ్టికీ వాళ్లను తలుచుకుంటారు.

అంతటి మనిషి కూడా 1953లో ఒక వ్యాసం రాసినప్పుడు అడిగిన ప్రశ్న పాతదే. ఇనుమును, రాకాసి గుళ్లను దక్షిణానికి తెచ్చినవాళ్లే ద్రావిడ భాషలను కూడా తెచ్చారా అన్నది. ఆ వాదన మీద చాలా చర్చ జరిగింది. తర్వాత అమెరికా పరిశోధకుడు కెన్నెత్ కెన్నెడీ దక్షిణ భారతం, శ్రీలంకల రాకాసి గుళ్ల ఎముకలను కలిపి చూసి 1975లో పుస్తకం రాశాడు. ఆ సమాధులు కట్టినవాళ్లు ఒక్క జాతి కారని, వాళ్లలో ఎన్నో తేడాలున్నాయని అందులో తేలింది. వెతికిన 'జాతి' దొరకలేదు.

మన చుట్టూ ఈ సమాధులకు కొదవ లేదు. పెన్‌గంగ దాటితే విదర్భ. నాగపూర్ చుట్టుపక్కల జునాపాని, మహుర్‌ఝరి, నైకుండ్ రాతి వలయాలు ఉన్నాయి. మహుర్‌ఝరిలో 1970ల మొదట్లో ఎస్.బి. దేవ్ తవ్వితే మనుషుల ఎముకల పక్కన రాగి నగలు తొడిగిన గుర్రాల ఎముకలు దొరికాయి. నైకుండ్‌లో ఇనుము కరిగించిన కొలిమి దొరికింది. ఇటు గోదావరి ఒడ్డున పోచంపాడు దగ్గర, కరీంనగర్ వైపు కదంబాపూర్ దగ్గర కూడా రాకాసి గుళ్లు తవ్వారు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు సమాధి మీది బండను ఎత్తడానికి క్రేన్ తెప్పించారు. ఆ బండ గురించి పత్రికలు ఘనంగా రాశాయి. క్రేన్ లేని కాలంలో దాన్ని లాగి ఎత్తిన నడుములు ఎవరివన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

వెన్ను ఏం చెబుతుంది

వెన్నులో విడివిడిగా కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. పూసకు పూసకు మధ్య మెత్తటి దిండు ఉంటుంది. ఏళ్లకేళ్లు బరువు పడితే ఆ దిండు నలిగి పలచబడుతుంది. అప్పుడు పూస అంచున ఎముక పెదవి లాగా, ముల్లు లాగా పెరుగుతుంది. దాన్ని ఆస్టియోఫైట్ అంటారు. దిండులోని గుజ్జు పూసలోకి పొడుచుకుపోతే చిన్న గుంట పడుతుంది. ష్మోర్ల్ అనే జర్మన్ వైద్యుడి పేరు మీద దాన్ని ష్మోర్ల్ గుంట అంటారు. కీలు మీది మెత్తటి పూత అరిగి ఎముక ఎముకతో రాసుకుంటే ఆ చోటు ఏనుగు దంతంలా నున్నగా మెరుస్తుంది. దిండు, పూత, కండ అన్నీ మట్టిలో కలిసిపోయినా ఈ ముల్లు, ఈ గుంట, ఈ మెరుపు ఎముక ఉన్నంతకాలం ఉంటాయి.

ఈ గుర్తులను మన ఉపఖండంలో పద్ధతిగా చదివిన పని ఒకటుంది. కెనడా పరిశోధకురాలు నాన్సీ లవెల్ హరప్పా శ్మశానంలోని వెన్నుపూసలను పరిశీలించి 1994లో ఒక వ్యాసం అచ్చువేసింది. నాలుగు వేల ఏళ్ల కిందటి నగరం అది. ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. మామూలుగా వయసుతో వచ్చే అరుగుదల నడుము పూసల్లో ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ మెడ పూసల్లో కనిపించిన అరుగుదల ఆమె దృష్టిని పట్టింది. తల మీద బరువులు మోయడం దానికి ఒక కారణం కావచ్చునని ఆమె వివరించింది. హరప్పా అనగానే మనకు పక్కా ఇటుకలు, మురుగు కాలువలు, ధాన్యపు కొట్లు చూపిస్తారు. ఇటుకలు నడిచి రాలేదు గదా! వాటిని మోసిన మెడ గురించి చెప్పిన మొదటి పాఠాల్లో ఇది ఒకటి.

హరప్పాలో మోసినవాళ్లు మన పూర్వీకులే అని ఎగిరి గంతేయడానికి మాత్రం లేదు. అక్కడ కులం ఉందనడానికి ఎముకలో ఆధారం లేదు. 2019లో రాఖీగఢీ ఆడమనిషి ఎముక నుంచి డి.ఎన్.ఎ. తీసినప్పుడు మళ్లీ ఆర్యులా కాదా అన్న పంచాయితీయే నడిచింది. పుర్రె పోయి డి.ఎన్.ఎ. వచ్చింది, ప్రశ్న మాత్రం రిజ్లీ కాలం నాటిదే. ఆ ఊబిలోకి మనం కూడా దిగితే లాభం లేదు.

అన్ని నొప్పులూ మోత నొప్పులు కావు

ఇక్కడ మన కార్యకర్తలు, విద్యార్థులు ఒక జాగ్రత్త పాటించాలి. వంగిన వెన్ను కనిపించగానే వెట్టి అని రాసేయకూడదు. వయసు మీద పడితే ఎవరి పూసకైనా ముళ్లు వస్తాయి, దొర వెన్నుకూ వస్తాయి. క్షయ పురుగు పూస ముందు భాగాన్ని తినేస్తే గూని వస్తుంది. 1779లోనే ఇంగ్లండు వైద్యుడు పర్సివాల్ పాట్ దాన్ని వర్ణించాడు. కాబట్టి ఒక్క మనిషి ఒక్క ఎముకను చూసి ఆ మనిషి పని చెప్పలేం. 1999లో రాబర్ట్ జుర్‌మెయిన్ ఈ తొందరపాటు మీద ఒక పుస్తకమే రాశాడు. ఒకే వయసువాళ్లను గుంపులుగా పెట్టి పోల్చాలి. చిన్న వయసులోనే ఒక గుంపులో ఎక్కువమందికి అరుగుదల ఉంటే, అప్పుడు పని గురించి మాట్లాడవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1992లో జేమ్స్ వుడ్, ఆయన సహచరులు ఎత్తి చూపిందిది. ఎముక మీద జబ్బు గుర్తు పడాలంటే ఆ మనిషి జబ్బుతో కొంతకాలం బతకాలి. తొందరగా చచ్చిపోయిన బీదవాడి ఎముక నున్నగా, ఆరోగ్యంగా కనిపించవచ్చు. నున్నటి ఎముక సుఖానికి రుజువు కాదు.

మన తెలుగు నేల మీదనే రెండు పాఠాలున్నాయి. మొదటిది ఫ్లోరైడ్ జబ్బు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని నమోదు చేశారు. 1955లో ఎ.హెచ్. సిద్ధిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. బావి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలో పేరుకొని, పూసల మధ్య నరాల్లాంటి పట్టీలు కూడా ఎముకగా మారతాయి. వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ వైపు మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల గురించి రాశారు. నీళ్లు ఊరందరివీ కావచ్చు. కానీ ఎండలో పనిచేసేవాడు ఎక్కువ నీళ్లు తాగుతాడు. పాలూ పెరుగూ లేని తిండిలో సున్నం తక్కువ. కాబట్టి ఒకే బావి అందరి ఎముకలనూ ఒకే తీరుగా వంచదు. బహ్రెయిన్‌లో పాత సమాధుల ఎముకల్లో కూడా ఈ జబ్బును గుర్తించారు. రేపు మన పాత సమాధుల్లో బిగుసుకుపోయిన వెన్ను దొరికితే, మోతకంటే ముందు ఆ ఊరి నీళ్లను పరీక్షించాలి.

రెండోది జైనూర్‌కు ఇంకా దగ్గరిది. సికిల్ సెల్ రక్తహీనత ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో ఉంది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. కొడవలిలా వంగిన రక్తకణాలు సన్నటి నాళాలకు అడ్డం పడతాయి. తొడ ఎముక పైభాగానికి రక్తం అందక అది చచ్చిపోతుంది, పడుచువాడు కుంటుతాడు. పూసల నడిమి భాగం రెండు వైపులా కుంగి చేప వెన్నుపూసలా అవుతుంది. బయటినుంచి చూసేవాళ్లు "పని చేయలేక సాకులు" అంటారు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును 2047 నాటికి లేకుండా చేస్తామని ఒక కార్యక్రమం ప్రకటించింది. ఇది పుట్టుకతో వచ్చేదే. అయినా జాతి గుర్తు కాదు. మలేరియా బాగా ఉన్న నేలల్లో తరతరాలు బతికినవాళ్లలో ఈ లక్షణం నిలిచింది. ఆఫ్రికాలో, అరేబియాలో, మన గోదావరి అడవుల్లో ఒకటే కథ. పుట్టుకతో వచ్చిన జబ్బు సైతం కులం గీతలను పాటించదు.

ఎవరి ఎముకలు మిగిలాయి

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. కాల్చేవాళ్లకు బూడిద మిగులుతుంది, పూడ్చేవాళ్లకు ఎముక మిగులుతుంది. పై కులాలు చాలావరకు శవాన్ని కాలుస్తాయి. మాల, మాదిగ వాడల్లో ఎక్కువగా పూడుస్తారు. ఆచారం ఒక కారణం, కట్టె కొనలేనితనం ఇంకో కారణం. అనేక శూద్ర కులాలు, లింగాయతులు, ముస్లింలు, క్రైస్తవులు పూడుస్తారు. అంటే గత కొన్ని వందల ఏళ్లలో ఈ నేల దాచుకున్న ఎముకల్లో పెద్ద వాటా కష్టజీవులదే. తాళపత్రాలు, తామ్రపత్రాలు వాళ్ల దగ్గర ఉంటే ఉండనీ, బొందలగడ్డ మన దగ్గర ఉంది. కాగితం మీద మనకు చోటివ్వని దేశం మట్టిలో మన రికార్డు పెట్టుకొని కూర్చుంది.

ఆ రికార్డే ఇవాళ అన్నిటికంటే ముందు పోతోంది. ఊరు పెరిగితే మొదట ఆక్రమించేది బొందలగడ్డనే. రోడ్డు వస్తే మొదట తవ్వేదీ దాన్నే. ఊరూరా కాల్చే గద్దెలతో వైకుంఠధామాలు కట్టారు గని, పూడ్చే వాడల పాత జాగాల సరిహద్దులను రాయడం పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అట్లాగని గడ్డపార పట్టుకొని మన తాతల సమాధులు తవ్వుదామని కాదు. అది మనకు పనికిరాని శాస్త్రం. ఎముక మీద హక్కు ఎవరిదన్నది ముందు తేలాలి. దీనికి న్యూయార్క్ నల్లవాళ్లు దారి చూపించారు. 1991లో మన్‌హటన్‌లో ప్రభుత్వ భవనానికి పునాది తవ్వుతుంటే 18వ శతాబ్దపు బానిసల శ్మశానం బయటపడింది. 400కు పైగా అస్థిపంజరాలు తీశారు. మొదట చేపట్టిన బృందం నేర పరిశోధన పద్ధతిలో ఇవి ఏ జాతివి అన్న దగ్గర మొదలుపెట్టింది. నల్లజనం రోడ్డెక్కారు. ఎముకలను నల్లవాళ్ల విద్యాలయమైన హోవర్డ్ యూనివర్సిటీకి పంపాలని పట్టుబట్టి సాధించారు. మైఖేల్ బ్లేకీ నాయకత్వంలో పని సాగింది. పరిశోధన ప్రశ్నలను ఆ జనాన్ని అడిగి ఖాయం చేసుకున్నారు. వీళ్లు ఎక్కడివాళ్లు, ఇక్కడికి వచ్చి ఎట్లా మారారు, బానిసత్వం వీళ్ల బతుకును ఏం చేసింది, ఎట్లా ఎదిరించారు అన్న నాలుగు ప్రశ్నలవి. పడుచు వయసు వెన్నుల్లో, కీళ్లలో అరుగుదల, కండలు అతుక్కునే చోట విపరీతమైన ఒత్తిడి గుర్తులు బయటపడ్డాయి. న్యూయార్క్‌ను కట్టింది ఎవరో ఎముకలు చెప్పాయి. 2003లో ఆ ఎముకలను సగౌరవంగా అదే నేలలో మళ్లీ పూడ్చారు. 2006లో అది జాతీయ స్మారకం అయింది. అక్కడ శాస్త్రం ఓడిపోలేదు. జనం యజమానులయినందుకు మంచి శాస్త్రం అయింది.

మనం చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి వాడ బొందలగడ్డ ఎక్కడుందో, ఎంత జాగానో, ఎప్పటినుంచో పెద్దమనుషులనడిగి రాసిపెట్టాలి. రోడ్డుకో, కాలువకో తవ్వినప్పుడు ఎముకలు బయటపడితే ఆ వాడ జనానికి చెప్పకుండా కదిలించకూడదని అడగాలి. రాకాసి గుళ్లు తవ్వే శాఖలు పుర్రెతోపాటు ప్రతి పూసనూ దాచాలని, వయసువారీగా లెక్కలు అచ్చువేయాలని అడగాలి. మన పిల్లలు కొందరు ఎముకల శాస్త్రం చదవాలి. పుణె దక్కన్ కాలేజీ లాంటి చోట్ల ఆ చదువు చాలాకాలంగా ఉంది. ఇన్నాళ్లూ కొలత కర్ర అవతలి కొసన నిలబడ్డవాళ్లం, ఇక ఇవతలి కొసకు రావాలి.

అన్నిటికంటే ముందు చేయవలసింది బతికున్న వెన్నుల రికార్డు. వెట్టిలో మోసిన తరం దాదాపు వెళ్లిపోయింది. సింగరేణి బాయిల్లో బొగ్గు తట్ట ఎత్తిన ఫిల్లర్లు ముసలివాళ్లయ్యారు. ఎవరు ఏ వయసులో ఏ బరువు ఎత్తారు, ఎంత దూరం మోశారు, నొప్పి ఎప్పుడు మొదలయింది? వాళ్లు ఒప్పుకుంటే ఒక ఎక్స్‌రేతో సహా రాసిపెట్టాలి. పాత ఎముకను సరిగ్గా చదవాలన్నా ఇట్లాంటి తెలిసిన వెన్ను పక్కన ఉండాలి.

జైనూర్ అంగడిలో గంప దించి నడుము పట్టుకొని కూర్చున్న అవ్వ "నడుములు పడిపోయినయి" అంటే అది ఫిర్యాదు మాత్రమే కాదు, చరిత్ర. ఆమె ఎముక చెప్పేదాకా ఆగవలసిన పని లేదు. ఆమె ఇప్పుడే చెబుతోంది, కాగితం తీసుకొని పక్కన కూర్చోవాలి.